విదేశం వెళ్లాలా, ఇక్కడే ఉండాలా: ఇంట్లో కూర్చుని తేల్చుకునే పద్ధతి

వనస్థలిపురంలో ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో ఎడ్యుకేషన్ లోన్ల సీటు చూసి రిటైరయ్యాను. ఇప్పటికీ ఆదివారం పూట అపార్ట్‌మెంట్ వాళ్లో, చుట్టాలో ఎవరో ఒకరు ఫైలు పట్టుకుని వస్తూనే ఉంటారు. పిల్లలైతే "ఆంటీ, కెనడా బెటరా, జర్మనీ బెటరా?" అంటారు. పెద్దవాళ్లు "మేడమ్, పంపించమంటారా?" అంటారు. ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే. అక్కడ అన్నీ కలిసొస్తే ఎలా ఉంటుందో మీకు తెలుసు, వెళ్లినవాళ్ల ఫొటోలు చూస్తూనే ఉన్నారు. కలిసిరాకపోతే ఎలా ఉంటుందో లెక్క వేయండి. ఆ లెక్కను మీ ఇల్లు తట్టుకోగలిగితే సంతోషంగా వెళ్లండి, కాగితాలు నేనే దగ్గరుండి సర్దిపెడతాను. తట్టుకోలేకపోతే దేశమో, కోర్సో, అప్పో, ఏదో ఒకటి మారాలి.

ఎవరి బతుకు బాగుపడాలి?

ఇంట్లో ప్రతి మనిషి పేరూ ఒక కాగితం మీద రాయండి. ఆ పేరు పక్కనే, ఈ ప్రయాణంతో వాళ్లకు వచ్చేదేమిటో, పోయేదేమిటో రాయండి. ఒకరి జీతం పెరిగినంత మాత్రాన ఇంటిల్లిపాదీ బాగుపడ్డట్టు కాదు. అమెరికాలో భర్త హెచ్-1బీ అనే ఉద్యోగ వీసా మీద ఉంటే భార్య హెచ్-4 అనే కుటుంబ వీసా మీద వెళ్తుంది. భర్త గ్రీన్ కార్డు (శాశ్వత నివాసం) ఫైలులో కంపెనీ పెట్టే ఐ-140 దరఖాస్తుకు ఆమోదం వచ్చేదాకా ఆమెకు మామూలుగా ఉద్యోగం చేసే వీలుండదు. బ్రిటన్‌లో మాస్టర్స్ చదవడానికి వెళ్లేవాళ్లు 2024 జనవరి నుంచి భార్యాపిల్లల్ని వెంట తీసుకెళ్లలేరు, రీసెర్చ్ కోర్సులకు మాత్రం మినహాయింపు. జర్మనీలో కుటుంబ వీసా మీద వెళ్లినవాళ్లు ఉద్యోగం చేసుకోవచ్చు. ఒకే ఇంట్లోని ఇద్దరు మనుషులకు దేశాన్ని బట్టి బతుకు ఎంత మారిపోతుందో చూడండి.

మా ఆడపడుచు కోడలు కూకట్‌పల్లిలో ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేది. పెళ్లయి డాలస్ వెళ్లాక ఏళ్లకేళ్లు ఇంట్లోనే ఉండిపోయింది. డబ్బుకు లోటు లేదు, ఇల్లు బాగుంది, మా మేనల్లుడు మంచివాడు. అయినా ఫోన్ చేసినప్పుడల్లా "పాఠం చెప్పి ఎన్నాళ్లయిందో అత్తయ్యా" అనేది. సంబంధం మాట్లాడేటప్పుడు జీతం అడిగారు, వీసా అడిగారు, ఆ పిల్ల ఉద్యోగం సంగతి మాత్రం ఎవరూ అడగలేదు. అందుకే నేను భార్యాభర్తలిద్దర్నీ చెరో కాగితం మీద, ఒకరిది ఒకరు చూడకుండా రాయమంటాను.

పిల్లలుంటే వాళ్ల వయసు కూడా రాయండి. అమెరికాలో తల్లిదండ్రుల గ్రీన్ కార్డు వరుసలో ఉన్న పిల్లలకు 21 ఏళ్లు నిండితే, చట్టం ఇచ్చే కొద్దిపాటి వయసు సర్దుబాటు కూడా సరిపోకపోతే, ఆ వరుసలోంచి తప్పుకోవాల్సిందే. అమ్మాయి ఇప్పుడు పదో తరగతిలో ఉంటే ఈ విషయం ఇవాళే చూసుకోవాలి.

అప్పు లెక్క

దీని మీద ఎక్కువసేపు కూర్చోండి. నేను చూసిన కష్టాల్లో చాలావరకు ఇక్కడే మొదలయ్యాయి.

ప్రభుత్వ రంగ బ్యాంకుల్లో 7.5 లక్షలు దాటిన ఎడ్యుకేషన్ లోనుకు మామూలుగా తనఖా అడుగుతారు. మన ఇళ్లలో ఆ తనఖా సాధారణంగా నాన్న సర్వీసంతా కూడబెట్టి కట్టిన ఇల్లే. కోర్సు కాలం, ఆ తర్వాత మరో ఏడాది వాయిదాలు కట్టనక్కర్లేదు. కానీ వడ్డీ మాత్రం ఆగదు. రెండేళ్ల కోర్సుకు 40 లక్షలు తీసుకుని, మధ్యలో వడ్డీ కట్టకుండా వదిలేస్తే, వాయిదాలు మొదలయ్యే నాటికి బాకీ 50 లక్షల దగ్గరికి వస్తుంది. 10.5 శాతం వడ్డీతో పదేళ్లలో తీర్చాలంటే నెలకు 67 వేల పైచిలుకు. పదిహేనేళ్లకు సాగదీస్తే 55 వేలు. అక్కడ మంచి ఉద్యోగం వస్తే ఇది పెద్ద మొత్తం కాదు, రెండు మూడేళ్లలో తీర్చేసినవాళ్లు చాలామంది నాకు తెలుసు. ఉద్యోగం దొరక్క వెనక్కి వచ్చి, గచ్చిబౌలిలో నెలకు 35 వేలతో మొదలుపెడితే? అప్పుడు ఆ 67 వేలు ఎవరు కడతారో పేరు రాయండి. "చూద్దాంలే" అని రాయకూడదు, పేరే రాయాలి.

నేను పాటించే హద్దు ఇది: వెళ్లే పిల్లల జీతాన్ని సున్నా అనుకుని, ఇంట్లో మిగతావాళ్ల నెల రాబడిలో సగం దాటే వాయిదా పడేటట్లయితే ఆ లోను తీసుకోవద్దు. ఫీజు తక్కువున్న యూనివర్సిటీ చూడండి, లేదా ఇక్కడ రెండేళ్లు ఉద్యోగం చేసి కొంత కూడబెట్టుకుని వెళ్లండి. తీసుకున్నవాళ్లు చదువు నడుస్తున్నప్పుడే నెలనెలా వడ్డీ కట్టేయండి. ఇంటి మీద తోబుట్టువులకూ హక్కుంటే, తనఖా పెట్టే ముందు వాళ్లను కూర్చోబెట్టి ఈ లెక్క చూపించండి. అన్న చదువుకు ఇల్లు పెట్టారన్న సంగతి చెల్లెలికి పెళ్లినాడు తెలియడం మంచిది కాదు.

జర్మనీ ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలాచోట్ల ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం మన వాళ్లకు సెమిస్టరుకు 1,500 యూరోలు. వీసాకు ముందు బ్లాక్డ్ అకౌంటులో ఏడాదికి 11,904 యూరోలు వేసి చూపించాలి. అది మీ డబ్బే, నెలకు 992 చొప్పున మీ ఖర్చుకే తిరిగొస్తుంది. అప్పు చిన్నదిగా ఉండాలనుకునే ఇళ్లకు నేను ఈ దారి ముందు చూపిస్తాను. అయితే ఉద్యోగం కావాలంటే భాష రావాలి. కన్సల్టెన్సీకి ఒక్క రూపాయి కట్టక ముందే హైదరాబాద్‌లోని గోథే జెంట్రమ్‌లోనో, మరెక్కడో ఏ-1 స్థాయి, అంటే మొదటి మెట్టు జర్మన్ నేర్చుకోండి. ఆ కొద్ది నెలల్లోనే మీకు ఆ భాషతో బతకాలని ఉందో లేదో తెలిసిపోతుంది.

మీ చేతిలోని కాగితం ఎంత గట్టిది?

ఏ దేశం వీసా అయినా నాలుగు ప్రశ్నలు వేయండి. చదువయ్యాక ఎన్నాళ్లు ఉండనిస్తారు? ఆ తర్వాత ఉండటం నా చేతిలో ఉందా, లాటరీ చేతిలో ఉందా? ఉద్యోగం పోతే ఎన్ని రోజులు? శాశ్వత నివాసం ఎప్పటికి?

అమెరికాలో చదువయ్యాక ఓపీటీ అనే పని అనుమతి 12 నెలలు, స్టెమ్ కోర్సులకు (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) మరో 24 నెలలు. ఆ తర్వాత హెచ్-1బీ లాటరీ. ఏడాదికి 65,000 వీసాలు, అక్కడ మాస్టర్స్ చేసినవాళ్లకు అదనంగా 20,000. ఉద్యోగం పోతే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఉపాధి గ్రీన్ కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించి ఇవ్వకూడదన్న పరిమితి ఉంది, అందుకే మనవాళ్ల వరుస అంత పొడవు. 2025 వేసవిలో, ఎక్కువగా మాస్టర్స్ చేసినవాళ్లుండే ఈబీ-2 వరుస 2013 జనవరి దగ్గర నడిచింది, అంటే అంతకు ముందు ఫైలు పెట్టినవాళ్లకే అప్పుడు వంతు వచ్చింది. 2025 సెప్టెంబరులో బయటి నుంచి వచ్చే కొత్త హెచ్-1బీ దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పుడు మా లిఫ్టులో అందరి ముఖాల్లోనూ అదే టెన్షన్. రూల్ ఒక్క రాత్రిలో మారగలదని కూడా లెక్కలో రాసుకోవాలి.

జర్మనీలో చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఇస్తారు. బ్లూ కార్డు (చదువుకున్నవాళ్లకు ఇచ్చే ఉద్యోగ అనుమతి) వచ్చినవాళ్లకు బీ-1, అంటే మధ్యస్థాయి భాష ఉంటే 21 నెలల్లోనే శాశ్వత నివాసానికి అర్హత వస్తుంది. జీతం అమెరికాకన్నా తక్కువ, పన్నులు, బీమా కోతలు ఎక్కువ, కాగితం మాత్రం గట్టిది. కెనడా శాశ్వత నివాసానికి వేసే పాయింట్లలో 30 నిండిన దగ్గర నుంచి వయసు మార్కులు తగ్గుతూ పోతాయి. "ఇంకో రెండేళ్లు ఆగి చూద్దాం" అనే వాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

జగిత్యాల, నిజామాబాద్ నుంచి గల్ఫ్ పని కోసం హైదరాబాద్ ఏజెంట్ల దగ్గరికి వచ్చేవాళ్లకు రెండు మాటలు. ఏజెంటు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో నమోదై ఉన్నాడో లేదో చూసుకోండి. అతను తీసుకోగలిగే సర్వీస్ ఛార్జి 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ, అంతే. విజిట్ వీసా ఇచ్చి "అక్కడికి వెళ్లాక మార్పిస్తాం" అంటే లేచి వచ్చేయండి.

డాలర్లను రూపాయల్లోకి మార్చే ముందు

అక్కడ ఖర్చు పెట్టే డాలరును మార్కెట్ రేటుతో గుణించకండి. ప్రపంచ బ్యాంకు కొనుగోలు శక్తి లెక్కల ప్రకారం అమెరికాలో ఒక డాలరుకు వచ్చే వస్తువులు, సేవలు మన దగ్గర సుమారు 20 రూపాయలకు వస్తాయి. అంటే అక్కడ నెలకు 5,000 డాలర్లు ఖర్చు పెట్టి బతకడం, ఇక్కడ లక్ష రూపాయలతో బతకడం దాదాపు ఒకే స్థాయి. మిగిల్చి ఇంటికి పంపే డాలరుకు మాత్రం పూర్తి రేటు వస్తుంది. కాబట్టి ఆఫర్ లెటర్లోని అంకె పక్కన పెట్టి, అద్దె, బీమా, కారు, పిల్లల డేకేర్ పోగా నెలకు ఎంత మిగులుతుందో రాయండి. మిగిలేదే లేకపోతే జీతం కోసం వెళ్తున్నామన్న కారణం కొట్టేయాలి. వేరే కారణం ఉంటే అది రాయండి.

ఇటువైపు హైదరాబాద్‌ను కూడా న్యాయంగా తూచాలి. మియాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడకు రోజూ ట్రాఫిక్‌లో నలిగి, మేనేజర్‌తో విసిగి "ఇక్కడ లైఫే లేదు" అని ఒకబ్బాయి వచ్చాడు. ఆఫీసు దగ్గర ఇల్లు తీసుకుని, కంపెనీ మారి ఆరు నెలలు చూడమన్నాను. అదే 40 లక్షలతో ఇక్కడ ఏమేం మార్చుకోవచ్చో ముందు రాయండి, ఆ మెరుగైన హైదరాబాద్‌తో విదేశాన్ని పోల్చండి. అయితే కొన్ని ఇక్కడ మారవు. మీ రీసెర్చ్‌కు కావాల్సిన ల్యాబ్ ఇక్కడ లేకపోవచ్చు. ఒంటరిగా, ఎవరి ప్రశ్నలూ లేకుండా బతకాలనుకునే ఆడపిల్లకు ఇక్కడ ఊపిరాడకపోవచ్చు. అవి నిజమైన కారణాలు. వాటి కోసం వెళ్లేవాళ్లను నేను ఎప్పుడూ ఆపలేదు.

అమ్మానాన్నల పేజీ

అర్ధరాత్రి నాన్నకు ఛాతీలో నొప్పి వస్తే 108కి ఎవరు ఫోన్ చేస్తారు? తాళం ఎవరి దగ్గర ఉంటుంది? ఆస్పత్రిలో సంతకం ఎవరు పెడతారు? ఈ మూడింటికీ పేర్లు, ఫోన్ నంబర్లు రాసి, ఆ మనుషులను స్వయంగా అడిగి ఒప్పించి వెళ్లండి. "మా బాబాయి చూసుకుంటాడు" అనేవాళ్లలో ఆ బాబాయిని అడిగినవాళ్లు తక్కువ. హెల్త్ ఇన్సూరెన్స్, నామినీలు, పవర్ ఆఫ్ అటార్నీ టికెట్ కొనకముందే అయిపోవాలి.

పౌరసత్వం దాకా ఆలోచించేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. మన దేశం ద్వంద్వ పౌరసత్వం ఇవ్వదు. అక్కడి పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డుతో వచ్చిపోవచ్చు కానీ ఓటు ఉండదు, వ్యవసాయ భూమి కొనలేరు.

వెళ్లినవాళ్లను అడిగేటప్పుడు కొత్తగా దిగినవాళ్లను వదిలేసి, నాలుగైదేళ్లుగా ఉన్నవాళ్లను, తిరిగి వచ్చేసినవాళ్లను అడగండి. "బాగుందా?" అంటే అందరూ బాగుందంటారు. "నిన్న పొద్దున లేచిన దగ్గర నుంచి పడుకునేదాకా ఏం చేశావో చెప్పు" అనండి. జ్వరం వచ్చినప్పుడు ఎవరు వచ్చారో అడగండి.

చిలుకూరు వెళ్లి 11 ప్రదక్షిణలు చేయండి, మా అమ్మాయి కోసం నేనూ చేశాను. తను ఇప్పుడు మ్యూనిక్‌లో ఉంది. వెళ్లే ముందు ఏం జరిగితే తిరిగి వచ్చేయాలో రాసుకుని, నాకొక కాపీ ఇచ్చింది. చదువయ్యాక 18 నెలల్లో తన రంగంలో ఉద్యోగం రాకపోతే రావాలి. అప్పు తీరాక కూడా ఏమీ మిగలకపోతే రావాలి. నాకో వాళ్ల నాన్నకో రోజూ మనిషి సాయం అవసరమైతే, అన్నతో మాట్లాడి ఇద్దరిలో ఎవరు ఉండాలో అప్పుడు తేల్చుకోవాలి. ప్రతి సంక్రాంతికీ ఆ కాగితం తీసి మళ్లీ చదువుతాం, మారాల్సినవి మారుస్తాం. మీరు కూడా ఒక తేదీ పెట్టుకోండి.