కరెంటుతో కణజాలం, 4వ పాఠం: స్విచ్ ఆపితే సరిపోదు

కణాలకి పల్సులు, అంటే క్షణకాలపు కరెంటు దెబ్బలు, ఇచ్చి కణజాలం పెంచడం గురించే ఈ పాఠాలు. పోయినసారి ఉప్పునీళ్ళ గిన్నెలో రెండు ఎలక్ట్రోడ్లు, అంటే కరెంటుని నీళ్ళలోకి దించే కడ్డీలు, పెట్టి బ్యాటరీకి కట్టమన్నాను, ఆ ప్రాక్టీస్ ఫొటోలన్నీ చూశాను. ఈసారి పల్స్ షేపుల గురించి చెప్దామనుకున్నా గానీ చాలామంది గిన్నెల్లో నీళ్ళు ఆకుపచ్చగానో తుప్పు రంగులోనో ఉన్నాయి, కొందరు బ్లీచింగ్ వాసన వస్తోందని రాశారు, ముందు అది తేల్చేద్దాం.

రంగు వచ్చిందంటే మీరు వాడింది స్టీలు. స్పూనైనా, సేఫ్టీ పిన్నైనా, ప్లస్‌కి కట్టిన స్టీలు నీళ్ళలోకి కరుగుతుంది, స్టెయిన్‌లెస్ అయితే ఇనుముతో పాటు క్రోమియం, నికెల్ కూడా దిగుతాయి. ఆ నీళ్ళలో చెయ్యి పెట్టకండి, ఆ గిన్నె మళ్ళీ వంటింట్లోకి వద్దు. వాసనేమో క్లోరిన్‌ది, ఉప్పులోని క్లోరైడే ప్లస్ దగ్గర అలా మారుతుంది. కణాలు పెంచే మీడియంలోనూ ఉప్పే ఉంటుంది కాబట్టి అక్కడా ఇదే గోల. ఎలక్ట్రోడ్లకి నా ఓటు ఎప్పుడూ కార్బన్‌కే. ప్లాటినం మంచిదే గానీ ఆ ధర పెట్టక్కర్లేదు, కార్బన్ రాడ్డు నిండా సన్నటి రంధ్రాలుంటాయి, చార్జ్‌ని బాగా పట్టుకుని మళ్ళీ వదిలేస్తుంది. మీకైతే పెన్సిల్ ముల్లు చాలు. బ్యాటరీ క్లిప్పులు, వైర్లు హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్తే దొరుకుతాయి.

ఇంకోటి, కణాలకి సెంటీమీటరుకి 5 వోల్టులు ఇవ్వాలి అంటే సప్లై మీద 5 పెట్టడం కాదు. ఎలక్ట్రోడ్ల మధ్య 4 సెంటీమీటర్లుంటే 20 పెట్టాలి. పరిశోధన పేపర్లలో మిల్లీమీటరుకి 100 మిల్లీవోల్టులు అని కనిపిస్తే అది సెంటీమీటరుకి 1 వోల్టు. అంతే, ముందుకెళ్దాం.

ఇప్పుడు అసలు సంగతి. 2004లో మిలిత్సా రదిసిచ్, తోటివాళ్ళు అప్పుడే పుట్టిన ఎలుకల గుండె కణాల్ని కొలాజెన్ అనే ప్రోటీన్‌తో చేసిన స్పాంజ్‌లో వేసి సెంటీమీటరుకి 5 వోల్టుల పల్సులు ఇచ్చారు, ఒక్కో పల్సు 2 మిల్లీసెకన్లు, సెకనుకి ఒకటి. మొత్తం 8 రోజుల కల్చర్, అంటే ల్యాబ్‌లో పెంపకం, అయ్యేసరికి కణాలు ఒక దిశలో సర్దుకుని, కరెంటు ఇవ్వని వాటికంటే 7 రెట్లు బలంగా, అన్నీ కలిసి కొట్టుకున్నాయి. ఇది చదివిన ప్రతివాళ్ళూ 5 వోల్టులే గుర్తుపెట్టుకుంటారు. నన్నడిగితే అందులో ముఖ్యమైన అంకె 2 మిల్లీసెకన్లు. సెకనులో 998 మిల్లీసెకన్లు ఏమీ ఇవ్వట్లేదు, ఆ ఖాళీలో ఏం జరుగుతోందన్నదే మన పాఠం.

పల్సు ఇచ్చినప్పుడు ఎలక్ట్రోడ్ మీద చార్జ్ పేరుకుంటుంది. మీరు స్విచ్ తీసేస్తే, అంటే వైరు గాల్లో వేలాడితే, ఆ చార్జ్ వెనక్కి పోవడానికి దారే లేదు, అక్కడే కూర్చుంటుంది. తర్వాతి పల్సు దాని మీద ఇంకొంచెం వేస్తుంది, ఆ పైది ఇంకొంచెం, అలా పెరిగి పెరిగి ఒక దగ్గర నీళ్ళు విడిపోవడం మొదలవుతుంది, మైనస్ దగ్గర హైడ్రోజన్ బుడగలు, క్షారం, ప్లస్ దగ్గర యాసిడ్, క్లోరిన్. మీటర్ చూస్తే సగటున కరెంటు దాదాపు సున్నా, కణాలు మాత్రం చచ్చిపోతుంటాయి, మనం వోల్టేజ్ ఎక్కువైందని దాన్ని తగ్గిస్తూ కూర్చుంటాం. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. ఆఫ్ అంటే తెంపేయడం కాదు, రెండు ఎలక్ట్రోడ్లనీ ఒకదానికొకటి కలపడం. సర్క్యూట్‌లో ఆ ఏర్పాటు లేకపోతే ఎలక్ట్రోడ్లకి అడ్డంగా ఒక చిన్న రెసిస్టర్ పెట్టేయండి, ఖాళీ టైమ్‌లో చార్జ్ దాంట్లోంచి పోతుంది. నేనైతే కళ్ళు మూసుకుని అదే చేస్తాను.

మరి ఉల్టా పల్సు ఇస్తే అన్నీ వెనక్కి వచ్చేస్తాయి కదా అని ఒకరు అడిగారు. త్వరగా ఇస్తేనే. పల్సు వల్ల తయారైన క్షారమో క్లోరినో అక్కడినుంచి కదిలిపోయాక ఎంత ఉల్టా ఇచ్చినా రాదు. చెప్తే నమ్మరు గానీ పసుపుతో చూడండి.

కొమ్ములు దంచిన పసుపు కొంచెం స్పిరిట్‌లో కలిపి, తెల్ల కాగితం ముంచి ఆరబెట్టండి. ఉప్పునీళ్ళతో తడిపి, 9 వోల్టుల బ్యాటరీకి కట్టిన రెండు పెన్సిల్ ముళ్ళు దానిమీద ఒక సెంటీమీటరు దూరంలో ఆనించండి. మైనస్ కింద పారాణి రంగు మచ్చ పుడుతుంది, అది క్షారం. ప్లస్ కింద పసుపు వెలిసి తెల్లబడుతుంది, అది క్లోరిన్. ఒక నిమిషం ఉంచి వైర్లు మార్చండి. ఎర్ర మచ్చ వెనక్కి తగ్గడం మొదలవుతుంది, తెల్లబడ్డచోట మాత్రం పాత పసుపు రంగు తిరిగి రాదు, ఆ రంగు విరిగిపోయింది. ఇప్పుడు కొత్త కాగితం మీద ఇలా తాకి అలా తీసి, వెంటనే మార్చి మళ్ళీ తాకించండి, మచ్చలు రెండూ పోల్చి చూడండి. బ్యాటరీ తప్ప ఇంకేదీ వాడొద్దు, ఇంట్లో ప్లగ్గు జోలికి అసలు పోవద్దు, కిటికీ తెరవండి.

అన్నట్టు అన్ని కణజాలాలకీ కరెంటు అక్కర్లేదు. ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో కంటి నల్లగుడ్డు అంచు నుంచి తీసిన మూలకణాల్ని మామూలు కల్చర్‌లోనే పెంచి పేషెంట్ కంటికి వేశారు. పల్సులతో ఎక్కువ పని గుండెకీ కండరానికీ.

లెక్క ఒకటి, కష్టమైనదే. ఎలక్ట్రోడ్ల మధ్య 3 సెంటీమీటర్లు, ఎలక్ట్రోడ్ల పొడవు 2, మీడియం లోతు 1, మీడియం రెసిస్టివిటీ, అంటే అది కరెంటుని ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె, 70 ఓమ్ సెంటీమీటర్లు అనుకోండి. సెంటీమీటరుకి 5 వోల్టులు కావాలి, 2 మిల్లీసెకన్లు, సెకనుకి ఒక పల్సు. ఎన్ని వోల్టులు పెట్టాలి, కరెంటు ఎంత, ఒక్క పల్సులో చార్జ్ ఎంత, ఏదీ వెనక్కి రాకపోతే రోజుకి ఎంత? నాలుగు జవాబులూ స్టెప్పులతో పంపండి, చివరిది 25 కూలుంబుల దగ్గర్లో రాకపోతే యూనిట్లు చూసుకుని మళ్ళీ చేయండి.