ఆషాఢం గాలి మొదలవకముందే బెల్టు హుక్కు చూసుకోండి

అనంతపురం జిల్లా వాళ్లకు ఆషాఢం గాలి ఎట్లా ఉంటుందో చెప్పనక్కర్లేదు. ఉరవకొండ, బెళుగుప్ప వైపు గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా. ఆ గాలిలోనే షెడ్ల మీద రేకులు బిగించేవాళ్లు, హోర్డింగులకు ఫ్లెక్సులు కట్టేవాళ్లు, మిద్దెల మీద సోలార్ ప్యానెళ్లు ఎక్కించేవాళ్లు కూడా ఉంటారు. గాలి గట్టిగా ఉన్న పూట రేకులు ఎత్తకపోవడమే మంచిది, ఎందుకంటే రేకు లేస్తే పట్టుకున్న మనిషినీ లేపుతుంది. సేఫ్టీ బెల్టు లేకుండా పైకి పంపొద్దని ఇప్పుడు అందరూ అంటున్నారు, సంతోషం. కానీ బెల్టు కొనేటప్పుడు పట్టీ గట్టిగా ఉందా, కుట్టు బాగుందా అని పదిసార్లు లాగి చూసేవాళ్లు కూడా తాడు చివరనున్న హుక్కును తిప్పి చూడరు.

రెండేళ్ల కింద ఎర్రగుంట్ల దగ్గర ఒక షెడ్డు పనికి పోయాం. బెల్టులు కొత్తవే. మా కుర్రాడొకడు తాడు చివరి చిన్న హుక్కును తీసుకుపోయి షెడ్డు ఇనప యాంగిల్‌కి వేశాడు, యాంగిల్ వెడల్పుకి దాని నోరు చాలక గేటు, అంటే హుక్కు నోరు మూసే స్ప్రింగు తలుపు, పూర్తిగా పడలేదు, అంచు మీద ఆనుకొని ఆగిపోయింది. కింద నుంచి చూస్తే తగిలించినట్టే ఉంది. మధ్యాహ్నం అన్నానికి దిగేటప్పుడు తీయబోతే వేలు తగలగానే ఊడి చేతికొచ్చింది. అంటే పొద్దున్నుంచి వాడు బెల్టు వేసుకొని, ఏ ఆధారమూ లేకుండా రేకుల మీద తిరిగాడు. ఆ రోజు వాడు అన్నం సగమే తిన్నాడు.

అందుకని మొదట చూడాల్సింది గేటు. ఒక్క వేలితో నొక్కగానే తెరుచుకునే హుక్కు ఎంత లావుగా, ఎంత మెరుస్తున్నా వద్దు. పని చేస్తూ అటూ ఇటూ తిరుగుతుంటే తాడు మెలిపడుతుంది, బెల్టుకుండే డీ రింగు, అంటే హుక్కు తగిలించే ఇనప రింగు, హుక్కు లోపలే తిరిగి గేటు మీదికి ఎక్కి దాన్ని లోపలికి నొక్కుతుంది, ఎవరూ ముట్టుకోకుండానే హుక్కు విడిపోతుంది. ఇందుకే అమెరికాలో లాకు లేని ఇలాంటి హుక్కులను పడిపోయేవాళ్లను ఆపే బెల్టులకు 1998 జనవరి 1 నుంచి వాడనివ్వడం లేదు. వెనక మీట నొక్కి పట్టుకుంటే గానీ గేటు కదలనివి, వదలగానే వాటంతట అవే లాకయ్యేవి తీసుకోండి. మర తిప్పి బిగించే కారాబైనర్లు, అంటే గేటున్న రింగుల్లాంటి హుక్కులు, ఒకేచోట ఉండిపోయే యాంకరుకైతే, అంటే తాడు తగిలించే గట్టి ఆధారానికైతే, పరవాలేదు. గంటకు పదిసార్లు తీసి వేసేచోట మాత్రం పదకొండోసారి మర బిగించడం ఎవడైనా మర్చిపోతాడు.

హుక్కు మీద కేఎన్ అని పక్కన అంకె కొట్టి ఉంటుంది, కిలోన్యూటన్ అన్నమాట. ఒక కిలోన్యూటన్ దాదాపు 100 కిలోల బరువుతో సమానం. పొడవునా 22 ఉన్నది చూసుకోండి, అంటే సుమారు 2,200 కిలోలు. మనిషి బరువు 80 కిలోలే కదా అంటారు గానీ, పడుతున్న మనిషిని తాడు ఒక్కసారిగా ఆపినప్పుడు వచ్చే కుదుపు వేరు. పైగా ఆ అంకె పొడవునా లాగినప్పటిది. నా దగ్గరున్న ఒక కారాబైనర్ మీద పొడవునా 25, అడ్డంగా 7 అని ఉంది, అడ్డం పడితే బలం అంత తగ్గుతుంది. గేటు బలం మళ్లీ వేరు. అమెరికా పాత ప్రమాణంలో ముందు నుంచి నొక్కితే గేటు 220 పౌండ్లు, అంటే 100 కిలోలు, ఆపితే చాలనేవారు. 2007లో దాన్ని 3,600 పౌండ్లు చేశారు. పాత సరుకు చవగ్గా వస్తోందంటే ఇది గుర్తుంచుకోండి. మన బెల్టుల మీదైతే ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 3521 అనే నంబరు వెతకండి. అంకె లేని హుక్కు తాళాలగుత్తికి పనికొస్తుంది.

పైపులకు, లావు కడ్డీలకు నోరు పెద్దగా ఉండే స్కాఫోల్డింగ్ హుక్కే వాడాలి, మా కుర్రాడి తప్పు అదే. ఒకే డీ రింగుకి రెండు హుక్కులు వేయడం, హుక్కుకి హుక్కు తగిలించడం, తాడును కడ్డీ చుట్టూ తిప్పి దాని హుక్కును మళ్లీ అదే తాడుకి వేయడం, ఇవన్నీ రోజూ కనిపిస్తాయి, అలా వాడొచ్చని కంపెనీవాళ్లే చెప్పిన రకమైతే తప్ప ఏదీ చేయొద్దు.

సిమెంటు దుమ్ము, నాపరాయి పొడి ఉన్న చోట గేటు స్ప్రింగు తొందరగా పట్టేస్తుంది. సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టండి. ఇంజన్ ఆయిల్ మాత్రం పూయొద్దు, దుమ్మంతా దానికే అంటుకుంటుంది. ఎక్కేముందు గేటు తెరిచి వదిలితే టక్కున పడాలి. నెమ్మదిగా వస్తున్నా, గేటు అటూ ఇటూ ఊగుతున్నా, పగులు, వంకర, గుంటలు పడ్డ తుప్పు ఉన్నా పక్కన పెట్టేయండి.

ఒకసారి మనిషి పడి ఆపిన హుక్కు, మీద గీత కూడా లేకపోయినా, మళ్లీ వాడకూడదు, తాడు కూడా అంతే. మేం ఒకసారి పారేసిన హుక్కు వారం తర్వాత ఇంకో కుర్రాడి బెల్టుకి కనబడింది. అప్పటినుంచి హాక్సా బ్లేడుతో గేటు కోసేశాకే స్క్రాపులో వేస్తున్నాం.