రొయ్యల వైట్ స్పాట్ వైరస్‌కి నానోబాడీ పట్టుకునే పద్ధతి

మాది ఉండి దగ్గర పల్లెటూరు. చిన్నప్పుడు చూసిన వరి చేలలో చాలావరకు ఇప్పుడు రొయ్యల చెరువులే. అందుకే నానోబాడీల (ఒంటె యాంటీబాడీల్లోంచి వచ్చే చిన్న ముక్కల) పని మొదలుపెట్టేటప్పుడు ఏ ప్రొటీన్ మీద చెయ్యాలన్న ప్రశ్న నాకు రాలేదు. వైట్ స్పాట్ వైరస్ పైపొరలో ఉండే వీపీ28 ఉండగా ఇంకొకటి ఎందుకు? ఈ జబ్బు తగిలితే మూడు నుంచి పది రోజుల్లో చెరువు చెరువే పోవచ్చు. రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రేలో మేత మిగిలిందంటే మా బాబాయ్‌కి నిద్ర పట్టదు. శాంపిల్ పట్టుకుని భీమవరంలో పీసీఆర్ ల్యాబుకి వెళ్తూ దారిలో ఫోన్ చేస్తాడు: "ఏమ్మా, పట్టుబడి పెట్టేయమంటావా, ఆగమంటావా?" ఆ ప్రశ్నకి చెరువు గట్టు మీదే జవాబు చెప్పే స్ట్రిప్ కావాలి. రొయ్యలకి మనలాగా యాంటీబాడీలు తయారు కావు కాబట్టి, ఆ స్ట్రిప్ వైరస్ ప్రొటీన్‌నే నేరుగా పట్టుకోవాలి.

1993లో బ్రస్సెల్స్‌లో రేమండ్ హామర్స్ బృందం ఒంటె రక్తంలో లైట్ చైన్ (మామూలు యాంటీబాడీలో ఉండే చిన్న గొలుసు) లేని యాంటీబాడీలు ఉన్నాయని ప్రకటించింది. వాటి కొసన ఉండే, యాంటిజెన్‌ని, అంటే గురిపెట్టిన ప్రొటీన్‌ని, పట్టుకునే ముక్కే నానోబాడీ. మామూలు యాంటీబాడీ బరువు 150 కిలోడాల్టన్లయితే దీనిది 15. ఈ-కొలై బ్యాక్టీరియాలో తయారవుతుంది, చాలా వాటికి వేడిని తట్టుకునే గుణం ఉంటుంది. మే నెలలో గట్టు మీద షెడ్డులో పడుండాల్సిన స్ట్రిప్‌కి ఇంతకంటే ఏం కావాలి? మనుషుల వైద్యంలోనూ ఇది వచ్చేసింది: అరుదైన రక్తం గడ్డల జబ్బుకి కాప్లసిజుమాబ్ అనే నానోబాడీ మందుని 2018లో యూరప్ ఆమోదించింది.

అసలు పని యాంటిజెన్ దగ్గరే ఉంది. నా దగ్గరికి వచ్చే ఎమ్మెస్సీ పిల్లలు లైబ్రరీ (కోట్ల రకాల నానోబాడీ జీన్ల కలగలుపు) గురించి అడుగుతారు, ఫేజ్ (బ్యాక్టీరియాకి సోకే వైరస్) గురించి అడుగుతారు, ప్రొటీన్ గురించి మాత్రం అడగరు. వీపీ28లో 204 అమైనో ఆమ్లాలుంటాయి. మొదటి ముప్పై దాకా నీటికి పడని భాగం, వైరస్ పొరలో దిగబడి ఉండేది. దాన్ని ఉంచి ఈ-కొలైలో తయారుచేస్తే ప్రొటీన్ ముద్దకట్టేస్తుంది, కాబట్టి ఆ ముక్క తీసేసి క్లోన్ చెయ్యండి. నికెల్ కాలమ్‌లో శుద్ధి చేశాక, సైజుని బట్టి వేరుచేసే జెల్ ఫిల్ట్రేషన్ తప్పనిసరి. వైరస్ మీద వీపీ28 మూడేసి కలిసి ఉంటుంది, మీ ప్రొటీన్ కూడా ఆ రూపంలోనే ఉందో లేదో అక్కడే తెలుస్తుంది. విప్పుకుపోయిన ప్రొటీన్ మీద పానింగ్ (లైబ్రరీలోంచి దాన్ని పట్టుకునేవాటిని ఏరడం) చేస్తే విప్పుకుపోయిన ప్రొటీన్‌ని పట్టుకునే నానోబాడీలే వస్తాయి. ఎలైసాలో (ప్లేటులో పట్టుకున్నవాటిని రంగుతో చూపే పరీక్షలో) అద్భుతంగా వెలుగుతాయి, నిజం వైరస్‌ని మాత్రం పట్టించుకోవు.

ప్లాస్టిక్ ప్లేటుకి నేరుగా పూత వేసినా ఈ విప్పుకుపోయే సమస్య ఉంది. కుదిరితే ప్రొటీన్‌కి బయోటిన్ అనే చిన్న అణువు తగిలించి, దాన్ని గట్టిగా పట్టుకునే స్ట్రెప్టావిడిన్ పూసలతో పట్టుకోండి. బయోటిన్ ఎక్కువైతే లైసిన్లన్నీ మూసుకుపోతాయి, అణువుకి ఒకటి చాలు. నికెల్ కాలమ్ కోసం ప్రొటీన్‌కి తగిలించిన తోకని, హిస్-ట్యాగ్‌ని, కోసి పారేయండి. లేకపోతే దాన్నే పట్టుకునే క్లోన్లు కొన్ని దూరిపోతాయి.

లైబ్రరీకి రెండు దారులు. మొదటిది ఒంటెకి వారానికోసారి చొప్పున ఆరు వారాలు ఇంజెక్షన్లిచ్చి, రక్తం తీసి, లింఫోసైట్ల (యాంటీబాడీలు చేసే తెల్ల రక్తకణాల) ఆర్‌ఎన్‌ఏ నుంచి దాని డీఎన్‌ఏ నకలు, సీడీఎన్‌ఏ, చెయ్యడం. మొదటి పీసీఆర్‌లో జెల్ మీద రెండు బ్యాండ్లు వస్తాయి. 900 బేస్‌ల దగ్గరది మామూలు యాంటీబాడీలది, 700 దగ్గరది మనకి కావాల్సింది. దాన్ని కోసుకుని, రెండో పీసీఆర్‌తో 400 బేస్‌ల ముక్క తీసి ఫేజ్‌మిడ్‌లో (ఫేజ్‌లోకి ఎక్కే ప్లాస్మిడ్‌లో) పెడతారు. కోటి నుంచి పది కోట్ల క్లోన్లు వస్తే మంచి లైబ్రరీయే. దీనికి జంతు నైతిక కమిటీ అనుమతి, సంస్థ బయోసేఫ్టీ కమిటీ అనుమతి రెండూ ముందే ఉండాలి. ఒంటెల మీద జాతీయ పరిశోధన కేంద్రం బికనేర్‌లో ఉంది, మన డెల్టాలో ఒంటె దొరకదు. అందుకని చిన్న ల్యాబుకి నేను చెప్పేది రెండో దారి, సింథటిక్ లైబ్రరీ. జంతువు అక్కర్లేదు, కానీ లైబ్రరీ పెద్దది కావాలి, కనీసం వంద కోట్ల రకాలు. ఫేజ్ మీదవీ ఉన్నాయి, ఈస్ట్ మీదవీ ఉన్నాయి. 2018లో హార్వర్డ్, శాన్‌ఫ్రాన్సిస్కో శాస్త్రవేత్తలు ప్రచురించిన ఈస్ట్ లైబ్రరీ చాలామంది వాడుతున్నారు, అయితే దానికి కణాలని ఒక్కొక్కటిగా వేరుచేసే యంత్రం, సెల్ సార్టర్, అందుబాటులో ఉండాలి. నేనిక్కడ ఫేజ్ పద్ధతే చెప్తాను.

ఫేజ్ మీద ప్రొటీన్ ముక్కని నిలబెట్టే ఫేజ్ డిస్‌ప్లేని 1985లో జార్జ్ స్మిత్ చూపించారు, 2018లో నోబెల్ వచ్చింది. ఫేజ్ ఒంటి మీద నానోబాడీ, లోపల దాని జీను. పట్టుకున్నవాటిని ఉంచి, పట్టుకోనివాటిని కడిగేస్తాం. చేటలో బియ్యం చెరిగినట్టే, ఎంత ఓపికగా చెరిగితే అంత శుభ్రం.

ఒక రౌండు ఇలా నడుస్తుంది. పూసలని పాలపొడి ద్రావణంతో బ్లాక్ చేసి, పదివేల కోట్ల ఫేజ్‌లు వేసి గంటసేపు నెమ్మదిగా తిప్పాలి. ట్వీన్ అనే సబ్బులాంటిది కలిపిన పీబీఎస్ ఉప్పు బఫర్‌తో కడగాలి, మొదటి రౌండులో పదిసార్లు చాలు, తర్వాత పెంచండి. పట్టుకుని ఉన్నవాటిని ట్రైఇథైలమైన్‌తో పది నిమిషాల్లో విడిపించి, వెంటనే ట్రిస్‌తో న్యూట్రల్ చెయ్యాలి, ఆలస్యమైతే ఫేజ్ పాడవుతుంది. తర్వాత టీజీ1 అనే ఈ-కొలై రకానికి ఎక్కించాలి. ఇక్కడ నేను చాలా పట్టుదలగా ఉంటాను. టీజీ1 ఓడీ (కల్చర్ ఎంత చిక్కబడిందో చెప్పే కొలత) 0.4 నుంచి 0.6 మధ్య, మంచి జోరుగా పెరుగుతున్నప్పుడే వాడాలి. ఫేజ్ లోపలికి వెళ్లేది బ్యాక్టీరియా ఒంటి మీది సన్నటి నూగు, ఎఫ్-పైలస్, పట్టుకుని. కల్చర్ చల్లబడితే ఆ పైలస్ తయారవదు. కాబట్టి ఫ్లాస్కుని బెంచీ మీద మర్చిపోవద్దు, ఐస్‌లో అసలు పెట్టొద్దు. ఫేజ్ కలిపాక 37 డిగ్రీల్లో అరగంట కదపకుండా ఉంచండి. టీజీ1ని ఎప్పుడూ మినిమల్ ప్లేటు (అతి తక్కువ పోషకాలున్న అగార్) మీద నుంచే మొదలుపెట్టాలి, లేకపోతే ఆ పైలస్‌ని తయారుచేసే ఎఫ్-ప్లాస్మిడ్ పోతుంది. వర్షాకాలంలో మన దగ్గర తేమకి అగార్ ప్లేట్ల మూతల మీద నీళ్లు పడతాయి, హుడ్‌లో మూత తీసి ఆరబెట్టకుండా పోస్తే కాలనీలన్నీ కలిసిపోతాయి.

రెండో రౌండు నుంచి ఇంకో పని చెయ్యండి. ఆరోగ్యమైన వనామీ రొయ్యల మొప్పల్ని నూరి, వడకట్టి, ఆ రసంతో ఫేజ్‌లని ముందే కలిపి ఉంచండి. రొయ్య ప్రొటీన్లకి అంటుకునేవి అక్కడే చిక్కుకుని పోతాయి. కడిగే బఫర్‌లో ఉప్పు చెరువు నీటికి దగ్గరగా పెట్టండి. స్ట్రిప్ పని చెయ్యాల్సింది ఆ నీళ్లలోనే, ఎంపిక కూడా ఆ నీళ్లలోనే జరగాలి. రౌండు మారినప్పుడల్లా పాలపొడి బదులు బీఎస్‌ఏ (ఆవు రక్తంలోని ప్రొటీన్), స్ట్రెప్టావిడిన్ బదులు అలాంటిదే అయిన న్యూట్రావిడిన్ వాడితే వాటికి అంటుకునేవి కూడా రాలిపోతాయి. యాంటిజెన్ లేని ఖాళీ పూసలని పక్కనే నడపండి. రెండింటి మధ్య కాలనీల తేడా మూడో రౌండుకి బాగా పెరగాలి. పెరగకపోతే నాలుగో రౌండుకి పరిగెత్తకుండా ప్రొటీన్‌ని మళ్లీ చూడండి.

తర్వాత 96 కాలనీలు ఎత్తి, ఎలైసా చేసి, ఖాళీ గుంటకంటే స్పష్టంగా ఎక్కువ వెలిగినవాటిని సీక్వెన్సింగ్‌కి పంపండి. యాంటిజెన్‌ని పట్టుకునే ముఖ్యమైన వంపు, సీడీఆర్3, ఒకేలా ఉన్నవాటిని ఒక కుటుంబం కింద లెక్కేసి, ప్రతి కుటుంబం నుంచి ఒకటి రెండు డబ్ల్యూకే6 అనే ఈ-కొలై రకంలో తయారుచెయ్యండి. పెరిప్లాజం (బ్యాక్టీరియా రెండు పొరల మధ్య చోటు) నుంచి ఆస్మాటిక్ షాక్‌తో తీసి, నికెల్ కాలమ్ ఎక్కిస్తే లీటరుకి కొన్ని మిల్లీగ్రాములు వస్తాయి. అఫినిటీ, అంటే ఎంత గట్టిగా పట్టుకుంటుందో, బీఎల్‌ఐ, ఎస్‌పీఆర్ అనే కొలిచే పరికరాలతో చూసుకోవచ్చు. అంతకన్నా ముందు పీసీఆర్‌లో పాజిటివ్ వచ్చిన రొయ్య మొప్పల రసంతో ఒక ఎలైసా చెయ్యండి. చాలా అందమైన క్లోన్లు ఈ దశలోనే పోతాయి, పోనివ్వండి.

స్ట్రిప్‌కి జత కావాలి, ఒకటి గీత మీద, ఒకటి గోల్డ్ రేణువు మీద. వీపీ28 మూడేసి ఉంటుంది, వైరస్ మీద బోలెడు ఉంటుంది కాబట్టి ఒకే నానోబాడీ రెండు వైపులా పని చెయ్యొచ్చు, వేరే చోట పట్టుకునే జతలు కూడా ప్రయత్నించండి. నానోబాడీ చిన్నది, నైట్రోసెల్యులోజ్ మీద సరిగా నిలవదు. పెద్ద ప్రొటీన్‌తో ఫ్యూజ్ చేసి గీత గియ్యడం మేలు.

జబ్బు రొయ్యల రసం, డొప్పలు, కడిగిన నీళ్లు ఏవీ సింకులో పొయ్యొద్దు. బ్లీచ్ వేసో, లేదా ఆటోక్లేవ్ చేసో పారెయ్యండి, బ్లీచ్ వేసినదాన్ని మాత్రం ఆటోక్లేవ్‌లో పెట్టొద్దు. మన సింకు నీళ్లు యనమదుర్రు డ్రెయిన్‌కో ఇంకో డ్రెయిన్‌కో చేరతాయి, అక్కడి నుంచి ఎవరో ఒక రైతు చెరువులోకి తోడుకుంటాడు. స్ట్రిప్ సిద్ధమయ్యాక ఉప్పు శాతం వేరువేరుగా ఉన్న చెరువుల నుంచి శాంపిళ్లు తెచ్చి, అదే రొయ్యకి పీసీఆర్ కూడా చేయించి, సీటీ విలువల (పీసీఆర్‌లో వైరస్ ఎన్నో చక్రానికి కనిపించిందో చెప్పేవి, వైరస్ తక్కువైతే ఎక్కువ) పక్కనే గీత ఎంత ముదురుగా వచ్చిందో రాసుకోండి. ఏ సీటీ దాటితే గీత రావడం లేదో తేలాకే రైతు చేతికివ్వండి, ఆ హద్దు కూడా ఆయనకి మాటల్లో చెప్పండి.