నెల్లూరు భోజనంలో అన్నం తగ్గించి షుగర్‌ను అదుపులో పెట్టుకోవడం ఎలా?

మొలగొలుకుల బియ్యానికి పేరుపడ్డ సీమ మనది. కంచంలో అన్నం కుప్పగా కనపడకపోతే మనకు తిన్నట్టే ఉండదు. అందుకే షుగర్ వచ్చిందనగానే కాఫీలో చక్కెర మానేస్తాం గానీ అన్నం జోలికి పోం. మా నాయన ఆరేళ్ళు ఇట్లాగే గడిపాడు. కాఫీ చేదుగా తాగేవాడు, మధ్యాహ్నం మాత్రం పప్పుతో ఒకసారి, పులుసుతో రెండుసార్లు, మజ్జిగతో ఇంకోసారి కలిపేవాడు. అన్నంలోని పిండిపదార్థం కూడా చివరికి రక్తంలో గ్లూకోజుగానే చేరుతుంది. ఆ కుప్పను ఎట్లా తగ్గించాలో మా ఇంట్లో నేర్చుకున్న వరసలోనే చెబుతాను.

ముందు మాత్రల సంగతి

మాత్రల డోసు గురించి డాక్టరుతో మాట్లాడకుండా అన్నం తగ్గించొద్దు. నాయన ఒక సోమవారం నుంచి అన్నం ఒక్కసారిగా సగం చేశాడు, షుగర్ తగ్గించే గ్లిమెపిరైడ్ మాత్ర మాత్రం పాత డోసే వేసుకున్నాడు. మూడో రోజు పదకొండింటికి చెమటలు పట్టాయి, చేతులు వణికాయి, మాట తడబడింది. మీటరులో 58. మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించాం. పావుగంట ఆగి చూస్తే 84కి వచ్చింది. డాక్టరుకు ముందే చెప్పకపోవడం మా తప్పు.

ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్ళకు తిండి తగ్గితే డోసు కూడా తగ్గించాల్సి రావచ్చు. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రలు వాడుతూ పిండిపదార్థం బాగా తగ్గిస్తే రక్తంలో కీటోన్లు (ఒంట్లో కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు) పెరిగే ప్రమాదం ఉంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణులు, టైప్ 1 షుగర్ (ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారుకాని రకం) ఉన్నవాళ్ళు డాక్టరు చెప్పకుండా ఈ పద్ధతి మొదలుపెట్టకండి. షుగర్ 70 కంటే తగ్గితే ఏం చేయాలో ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

తర్వాత అన్నం కొలత

రోజూ తినే అన్నాన్ని ఒకసారి కప్పుతో కొలిచి చూడండి. వండిన అన్నం 100 గ్రాముల్లో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. నాయన ఒక పూట తినేది మూడు కప్పులు తేలింది, అంటే దాదాపు 450 గ్రాములు. ఒక్క పూటకే 120 గ్రాములు దాటిపోయింది. రోజు మొత్తానికి 130 గ్రాముల లోపు ఉంటేనే సాధారణంగా దాన్ని తక్కువ పిండిపదార్థాల ఆహారం అంటారు.

డాక్టరు మాత్రలు సర్దాక మేం వారానికి అర కప్పు చొప్పున తగ్గించుకుంటూ వచ్చాం. ఇప్పుడు మధ్యాహ్నం ఒక కప్పు, రాత్రి అన్నమే లేదు.

కంచంలో కూర పెరగాలి

అన్నం తగ్గించి ఆ ఖాళీని అట్లాగే వదిలేస్తే నాలుగింటికి ఆకలేసి బిస్కెట్ల డబ్బా తెరుస్తారు. ఇక్కడ మన ప్రాంతం మనకు కలిసొస్తుంది. వంజరం, చందువ, కొరమీను, నెత్తళ్ళు, ఏ చేపలోనూ పిండిపదార్థం లేనట్టే. చిక్కు పులుసుతోనే. మామిడికాయ వేసిన చేపల పులుసు ముందుంటే అన్నం లెక్క ఎవరికి గుర్తుంటుంది? అందుకే మా అమ్మ పులుసులో ముక్కలు పెంచి, గిన్నెను వంటింట్లోనే ఉంచి, కంచంలో వడ్డించి తెస్తుంది. మారు వడ్డన అడిగితే ముక్కలే వస్తాయి.

తినే వరస కూడా మార్చండి. ముందు బీరకాయో దొండకాయో గోంగూరో కూర, తర్వాత చేప లేదా గుడ్డు, చివర అన్నం. ఇట్లా తింటే షుగర్ ఒక్కసారిగా ఎగబాకదు. శాకాహారులు పనీరు, చిక్కటి పెరుగు, వేరుశెనగలు పెంచుకోవచ్చు. పప్పులో మాంసకృత్తులు ఉన్నా పిండిపదార్థం కూడా బాగానే ఉంటుంది, దాన్నీ లెక్కలో వేయండి.

పొద్దున నాలుగు ఇడ్లీల బదులు ఒక పెసరట్టు, రెండు గుడ్లు తినండి. ఊరగాయ మాత్రం పెంచొద్దు, బీపీ ఉన్నవాళ్ళకు ఆ ఉప్పు చెరుపు.

సజ్జలు, కొర్రల విషయం

కనిగిరి, మార్కాపురం వైపు బంధువులు ‘సంగటి తినండి, షుగర్ ఏం చేయదు’ అంటారు. ప్రేమతోనే అంటారు, కానీ అది సగమే నిజం. కొర్రలు, సజ్జలు, రాగుల్లో పీచు ఎక్కువే. అయినా 100 గ్రాముల గింజల్లో పిండిపదార్థం 60 నుంచి 70 గ్రాముల దాకా ఉంటుంది. పెద్ద సంగటి ముద్ద తింటే షుగర్ పెరుగుతుంది. అన్నం బదులు తినొచ్చు, అదే కొలతలో.

మీటరుతో సరిచూసుకోండి

భోజనానికి ముందు ఒకసారి, తినడం మొదలుపెట్టిన రెండు గంటలకు ఇంకోసారి చూసి నోటు పుస్తకంలో రాయండి. ఏం తిన్నారో పక్కనే రాయాలి. తిన్నాక 180 దాటకుండా చూసుకోమని చాలామందికి చెబుతారు, మీ హద్దు మీ డాక్టరును అడగండి. పుస్తకం చూస్తేనే మాకు తెలిసింది, ఒక కప్పు అన్నం నాయనకు సరిపడుతోంది గానీ రెండు దోశెలు పడడం లేదని. మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే రక్తపరీక్ష) చేయించి, ఆ రిపోర్టుతో పాటు ఈ పుస్తకాన్నీ డాక్టరు ముందు పెట్టండి.