పండుగ గిరాకీకి ముందు ఆఫీస్ ఫోన్ల డీఎన్ఎస్ మారుస్తున్నారా? ముందు ఇది చూడండి

మొన్న రాణీగంజ్‌లో ఒక మోటార్ల షాపులో ఇంటర్నెట్ మీద నడిచే ఆఫీస్ ఫోన్లలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక్కటీ మోగలేదు. షాపు నుంచి బయటికి చేస్తే కాల్ వెళ్తోంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు, గిరాకీ లేదనుకున్నారు. ముందు రోజే ఇంటర్నెట్ కనెక్షన్ మార్చారు, దాంతో స్టాటిక్ ఐపీ, అంటే ఇంటర్నెట్‌లో ఆ షాపుకు ఉండే స్థిరమైన అంకెల చిరునామా, మారింది. ఏ పేరుకు ఏ ఐపీయో చెప్పే పట్టిక డీఎన్ఎస్. అందులో కొత్త ఐపీ సరిగ్గానే పెట్టారు. టీటీఎల్ మాత్రం ఎవరూ చూడలేదు.

డీఎన్ఎస్ ఇచ్చిన చిరునామాను అడిగినవాళ్లు ఎన్ని సెకన్లు గుర్తుంచుకోవాలో చెప్పే అంకె టీటీఎల్. అక్కడ 86400 ఉంది, అంటే 24 గంటలు. కాల్స్ పంపే ఫోన్ కంపెనీ సర్వర్ అంతసేపూ కాల్స్‌ను పాత ఐపీకే పంపింది. ఐపీ మార్చేటప్పుడే టీటీఎల్ కూడా తగ్గిస్తే చాలనుకుంటారు. చాలదు. పాత జవాబు తీసుకున్నవాళ్ల దగ్గర పాత గడువే నడుస్తుంది. అందుకే కనీసం ఒక రోజు ముందు దాన్ని 300కి దించాలి. చాలా ఆఫీసుల్లో ఫోన్లు మూగబోయింది ఈ ఒక్క తప్పుతోనే.

ఇక ఎస్ఆర్‌వీ రికార్డు, అంటే కాల్స్ ఏ సర్వర్‌కు, ఏ పోర్టుకు వెళ్లాలో డీఎన్ఎస్‌లో చెప్పే వరుస. అందులో సర్వర్ పేరే రాయాలి, ఐపీ రాయకూడదు. ఆ పేరుకు నేరుగా ఐపీ చెప్పే 'ఎ' రికార్డు ఉండాలి, మరో పేరును చూపే సీనేమ్ పనికిరాదు. పోర్టు (సర్వర్‌లో కాల్ చేరే ద్వారం నంబర్) మామూలుగా 5060, గుప్తీకరించి పంపే టీఎల్ఎస్ అయితే 5061. ప్రయారిటీలో చిన్న అంకె ఉన్న సర్వర్‌కే ముందు కాల్ వెళ్తుంది, చాలామంది తిరగేసి పెడతారు. రికార్డు పెట్టకముందే వచ్చిందా అని వెతకకండి. లేదు అన్న జవాబు కూడా కాసేపు నిలవ ఉంటుంది.

వెబ్‌సైట్ చేసే అబ్బాయి నేమ్‌సర్వర్లు (డీఎన్ఎస్ రికార్డులు ఉండే సర్వర్లు) మారుస్తానంటే ఆపండి. సైట్, మెయిల్ రికార్డులు తెచ్చుకుంటాడు, ఫోన్ల రికార్డులు అక్కడే వదిలేస్తాడు. ముందు అన్నిటికీ స్క్రీన్‌షాట్ తీయించండి.

డొమైన్, అంటే ఇంటర్నెట్‌లో మీ షాపు పేరు, మీ పేరు మీద, మీ మెయిల్‌తో ఉండాలి. రెన్యువల్ తేదీ గోడ మీద రాసుకోండి. రౌటర్‌లో ఇంటర్నెట్ కాల్స్‌ను మధ్యలో మార్చే సిప్ ఏఎల్‌జీ అనే సెట్టింగ్ ఆపేయండి. పాత కనెక్షన్ అదే రోజు తీసేయకండి, రెండు రోజులు పక్కనే నడవనివ్వండి. మార్పు షాపు మూసి ఉన్న ఆదివారమే చేయండి, సోమవారం పొద్దున వద్దు. టెస్ట్ కాల్ బయటి మొబైల్ నుంచి ఆఫీస్ నంబర్‌కు చేయండి, ఆఫీస్ ఫోన్ నుంచి బయటికి కాల్ పోతే సరిపోదు. టీటీఎల్ దించారా? శుక్రవారమే దించండి. ఆదివారం పొద్దున గుర్తొస్తే ఆ వారానికి మార్పు మానేయండి. దించకుండా ఐపీ ముట్టుకోవద్దు, ఎంత తొందర ఉన్నా సరే. అంతా కుదిరాక 3600కి పెంచండి.