కెమెరా బ్యాగు కొనే ముందు ఒక పాత పేపరు

కొత్తగా కెమెరా కొన్నవాళ్లకి బ్యాగు దగ్గరే తికమక. ఫొటోలో గంపెడంత కనిపిస్తుంది, తీరా ఇంటికొచ్చాక లెన్స్ తగిలించిన కెమెరా పట్టదు. రెండుసార్లు అలా వెనక్కి పంపాక ఇలా చేశాను.

మంచం మీద న్యూస్‌పేపర్ పరిచి, రోజూ వెంట తీసుకెళ్లే సామానే పెట్టండి. లెన్స్ తగిలించిన కెమెరా, రెండో లెన్స్, ఛార్జర్, ఇంకో బ్యాటరీ, అంతే. (ట్రైపాడ్ ఎలాగూ బయటే కట్టుకుంటాం.) మధ్యలో వేలెడు సందు వదిలి, చుట్టూ పెన్నుతో గీసి, పొడవు, వెడల్పు, ఎత్తు కొలవండి. ఒక్కో కొలతకి 2 సెంటీమీటర్లు కలపండి. నాకు 28 × 22 × 12 తేలింది. బ్యాగు వివరాల్లో చూడాల్సింది లోపలి కొలతలు. బయటివి చూస్తే దెబ్బతింటాం, స్పాంజి మందమే చాలా చోటు తినేస్తుంది.

ఆ సైజు చూశాక అసలు బ్యాగే కొనలేదు. మెత్తటి గోడలు, కదిపి అమర్చుకునే అడ్డు పలకలు ఉన్న కెమెరా ఇన్సర్ట్ విడిగా దొరుకుతుంది. అది తెచ్చి పాత కాలేజీ బ్యాగులో దించాను. ఖర్చు తగ్గింది, పైగా బస్సులో ఎవరికీ లోపల కెమెరా ఉందని తెలియదు.

వానాకాలం బండి మీద తిరిగేవాళ్లకి మాత్రం ఇది పనికిరాదు. మామూలు బ్యాగు జిప్పుల్లోంచి నీళ్లు దిగి ఇన్సర్ట్ స్పాంజి తడిసిపోతుంది. వాళ్లు రెయిన్ కవర్‌తో వచ్చే కెమెరా బ్యాగే తీసుకోవాలి.