ఉదయగిరి దుర్గం ఎక్కే ముందు

కృష్ణదేవరాయలంతటివాడికే ఈ కోట ఏడాదిన్నర లొంగలేదు. 1513లో ముట్టడి మొదలుపెడితే, గజపతుల చేతిలోంచి జారింది 1514లో. బయటివాళ్లు పైకి రాకూడదనే నిలువు చరియల కొండ చూసి కట్టారు మరి. పొద్దున బయల్దేరి మధ్యాహ్నానికి దిగొచ్చేద్దామనుకునే మనమూ బయటివాళ్లమే.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నెల్లూరు జిల్లాకి అసలు వానాకాలం. వాయుగుండం కబురుంటే ప్రయాణం మానుకోండి. తెరిపి ఇచ్చినా రెండు మూడు రోజులు ఆగాలి. మెట్ల మీద పాచి ఆరదు, కోనేటి గట్లు జారతాయి. సున్నంతో కట్టిన గోడలు నానివుంటాయి, వాటిలో మర్రి, రావి వేళ్లు దిగివుంటాయి. ఫోటో కోసం అలాంటి గోడ ఎక్కకండి. రాయలు ఇక్కడి బాలకృష్ణుణ్ణి హంపీకి తీసుకెళ్లి గుడి కట్టించాడు. స్వామి వెళ్లిపోయినా, మిగిలిన గుళ్లూ మసీదులూ చూడ్డానికే కదా వెళ్తున్నాం, కింద నిలబడి చూస్తే చాలు.

నాకు గోడలకన్నా గోతులంటేనే భయం. గుప్తనిధుల పిచ్చితో ఎవరెవరో తవ్వి వదిలేసినవి. వానలకి గడ్డి మోకాలెత్తు పెరిగితే కనిపించవు. చేతికర్రతో ముందు తట్టి అడుగు వేయండి. ఆ చప్పుడుకి పాములూ తప్పుకోవచ్చు, కానీ పింజరి మాత్రం ఉన్నచోటే చుట్టచుట్టుకుని ఉంటుంది. అందుకే చెప్పులు కాదు, బూట్లు. రాళ్ల సందుల్లో చేయి పెట్టొద్దు.

కాటు పడితే కట్టు కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు. ఉంగరాలు, కడియాలు తీసేసి, ఆ మనిషిని నడిపించకుండా మోసుకు దిగాలి. 108కి ముందే ఫోన్ చేసినా అంబులెన్స్ కొండ కిందే ఆగుతుంది. నలుగురికి తక్కువ కాకుండా వెళ్లమనేది ఇందుకే, ఒకరిని మోయడానికి ముగ్గురైనా ఉండాలి. పైన సిగ్నల్ నమ్ముకోలేం, ఎప్పటికి తిరిగొస్తారో ఊళ్లో ఎవరికైనా చెప్పి వెళ్లండి. దారి తెలిసిన స్థానికుణ్ణి వెంటబెట్టుకుంటే ఇంకా మంచిది.

తేనెపట్టు కనబడితే పొగ, కేకలు, రాళ్లు వద్దు. మనిషికి మూడు లీటర్ల నీళ్లు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, టార్చి పెట్టుకోండి. ఎండాకాలం అసలు వద్దు.

మధ్యాహ్నం ఒంటిగంటకి ఎక్కడున్నా సరే, వెనక్కి తిరగండి. కాళ్లు వణికేది దిగేటప్పుడే. వెలుతురుండగా ఊళ్లోకొస్తే ఉదయగిరి చెక్క చెంచాలు కొనుక్కునే తీరికైనా ఉంటుంది.